ఆశీర్వాదం ఇంటి మగగొంతు

ఆదివారం ఆరాధన తర్వాతి ప్రేమవిందు అయిపోయి అందరూ చేతులు కడుక్కున్నారు. సహవాసం హాలు వెనక వంటగదిలో ప్రభావతి అన్నం గుండిగను కుళాయి కింద ఒరగబెట్టి పీచుతో తోముతోంది. అడుగున అంటిన మాడు ఎప్పుడో వదిలిపోయింది. అయినా తోముతూనే ఉంది. చేతులకు పని లేకపోతే తన నోరు ఊరుకోదని ఆమెకు తెలుసు. అడగాల్సిన మాట ఒకటుంది. అది పొద్దున ప్రార్థన మొదలైనప్పటి నుంచీ నోటి దగ్గరే ఆగి ఉంది.

ఈశ్వరరావు టీ గ్లాసు కడుక్కోవడానికి వచ్చాడు. ఆయన పేరు విని, కొత్తగా ఊళ్ళోకి దిగిన తెలుగువాళ్ళు ఏ గుడి కమిటీ మెంబరో అనుకుంటారు గానీ, మూడు తరాలుగా బాప్టిస్టు. సహవాసానికి ఆయనే పెద్ద.

"ఏటమ్మా, ఆ గుండిగేటి పాపం చేసింది?" అన్నాడు నవ్వుతూ.

"బాబాయ్, వచ్చే ఆదివారం క్రాంజీలో నాన్న పేరుకి ఎవరు పలుకుతారు?"

"జయరాజు రాడా?"

"తమ్ముడు పెర్త్ ఎల్లిపోనాడు కదా. కొత్త ఉద్యోగం, సెలవివ్వరట." ప్రభావతి కుళాయి కట్టేసింది. "నేను పలుకుతాను."

ఈశ్వరరావు గ్లాసు బోర్లించి, జేబురుమాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. ఆయన అలా తుడుచుకుంటున్నాడంటే కాదని చెప్పబోతున్నాడని సహవాసంలో పిల్లలకు కూడా తెలుసు.

"అలాగ కుదరదమ్మా. హాజర్ మగగొంతుతో పలకాలి. మా నాన్న రోజుల్నించీ అదే పద్ధతి."

ఆ పద్ధతి ఇదీ. రెండో ప్రపంచయుద్ధానికి ముందు మద్రాసు సాపర్ల దళంతో వంతెనలు కట్టడానికీ, రోడ్లు వెయ్యడానికీ ఈ ద్వీపదేశం వచ్చిన తెలుగు సిపాయిల్లో కొందరు యుద్ధం ముగిశాక కూడా ఇక్కడే ఉండిపోయి, నౌకాస్థావరంలో పనికి కుదిరారు. వాళ్ళలో క్రైస్తవులు పెట్టుకుని, ఇప్పుడు పిల్లలూ మనవలూ నడుపుతున్నదే ఈ సహవాసం. ఏటా నవంబరులో ఒక ఆదివారం క్రాంజీ సైనిక శ్మశానం దగ్గర ఆరాధన చేస్తారు. ఆరాధన చివర్న ఈశ్వరరావు, పూర్వం హవల్దారు పిలిచినట్టే, చనిపోయిన ఒక్కొక్క సిపాయి పేరూ గట్టిగా పిలుస్తాడు. కాగితం చూడడు. ఆ ఇంటి మగవాడు "హాజర్" అని పలికి ఒక అడుగు ముందుకు వేస్తాడు. ఎవరూ పలక్కపోతే వెంటనే రెండోసారి పిలుస్తాడు. మూడో పిలుపు అందరి పేర్లూ అయిపోయాక. దానికీ పలకకపోతే మరుసటి ఏడాది నుంచి ఆ పేరు ఉండదు. రత్తమ్మ తండ్రి పేరు అలాగే పోయింది. అప్పటినుంచి రత్తమ్మ ప్రేమవిందుకు కూరలు తరగడానికి వస్తుంది గానీ, క్రాంజీ మాటెత్తితే పెదవులు బిగించుకుంటుంది.

"మరి నాన్న పేరు తీసేస్తారా?" అంది ప్రభావతి. మాట బతిమాలినట్టు వచ్చింది. బతిమాలినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

"తీసేస్తానని నేనన్నానా? నాకు మాత్రం ఇష్టమేటి?" ఈశ్వరరావు కాసేపు ఆలోచించాడు. తర్వాత మొహం విప్పారింది. "మీ ఇంట్లో అద్దెకో కుర్రాడున్నాడు కదా, కంప్యూటర్ల అబ్బాయి? సన్నగా ఉంటాడు?"

"గోపీకృష్ణా? ఆ అబ్బాయి మనకేటవుతాడు బాబాయ్? శనివారం గుడికెళ్తాడు. కోడిగుడ్డు కూడా ముట్టడు."

"గుడ్డు తినమంటున్నామా? ఆ కప్పుకింద ఉండే మగాడెవరైనా పలకొచ్చని మొదట్నించీ ఉంది. పైగా తెలుగోడు. ఇంకేటి కావాలి?" చిక్కుముడి తానే విప్పినందుకు ఆయనకు చాలా సంతోషంగా ఉంది. ప్రభావతి నెత్తిమీద చెయ్యి పెట్టి, "దేవుడు దారి చూపిస్తాడమ్మా, మనకే కంగారు" అని వెళ్ళిపోయాడు.

ప్రభావతి గుండిగను బోర్లించింది. ఆ చప్పుడుకు హాల్లో కుర్చీలు సర్దుతున్నవాళ్ళు ఇటు తొంగిచూశారు.

గోపీకృష్ణది రాజమండ్రి. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకుకు పనిచేస్తున్నాడు. ఇంకో నెలన్నరలో రెండువేల సంవత్సరం వచ్చేస్తుంది, అప్పుడు కంప్యూటర్లన్నీ తేదీలు మర్చిపోయి తిక్కతిక్కగా ప్రవర్తిస్తాయని ప్రపంచమంతా బెంబేలెత్తిపోతుంటే, ఆ తిక్క రాకుండా చూసే వందలమందిలో అతనొకడు. వుడ్‌ల్యాండ్స్‌లో ప్రభావతి ఫ్లాట్‌లో చిన్న గది అతనిది. వంటింట్లో అతని పప్పు గిన్నె వేరు, గరిటె వేరు. ఆ వేరు గిన్నెను ఇంట్లో ఎవరూ ఎన్నడూ తప్పుపట్టలేదు.

ఆ సాయంత్రం అతను పప్పు పోపు పెట్టుకుంటుంటే ప్రభావతి గుమ్మం దగ్గర నిలబడి సంగతంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ గ్యాసు పొయ్యి చుట్టూ లేని మరకను గుడ్డతో తుడుస్తూనే ఉంది.

"నేను చెప్పాల్సింది ఒక్క మాటేనాండి?" అన్నాడు గోపీకృష్ణ.

"ఒక్క మాటే."

"పాస్టర్ గారు నన్నేమైనా ప్రశ్నలు అడుగుతారాండి? అంటే, బాప్తిస్మం, అదీ?"

"నిన్ను నీళ్ళలో ముంచరులే బాబూ."

అతను నవ్వేశాడు. "నాకు జ్వరమొస్తే వారం రోజులు జావ కాచిచ్చారు ఆంటీ. ఒక్క మాట చెప్పలేనాండి? చెప్తాను."

సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్న నందిత పుస్తకం మూసేసింది. ఆమె ప్రభావతి కూతురు, పాలిటెక్నిక్‌లో చదువుతోంది, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలిస్తుంది. "మమ్మీ, దిస్ ఈజ్ క్రేజీ లా. తాతయ్య డాటర్ నువ్వుండగా టెనెంట్ ఎందుకు?"

"నీకు తెలీదు, ఊరుకో."

"వాట్ దేర్ టు నో? యూ జస్ట్ సే ఇట్ లా!"

ప్రభావతి గోపీకృష్ణను హాలు మధ్యలో నిలబెట్టింది. "ఏదీ, ఓసారి అను. లాన్స్ నాయక్ గోసల ఆశీర్వాదం!"

"హాజరండి" అన్నాడు గోపీకృష్ణ.

నందిత కుషన్‌లో మొహం దాచుకుంది.

"అండి గిండి వద్దు బాబూ. పటాలంలో అండీ లేదు, గారూ లేదు. ఇంకోసారి."

"హాజర్."

"ఫోన్లో మీ మేనేజరుకి చెప్పినట్టుంది. నడుం నిలబెట్టు. మడమలు రెండూ దగ్గరికి. గెడ్డం పైకి. మాట కడుపులోంచి రావాలి, పెదాల మీంచి కాదు."

అతను మడమలు కలిపితే భుజాలు వంగాయి. భుజాలు ఎత్తితే మడమలు విడిపోయాయి. నాలుగుసార్లు అనిపించాక ఆమెకు విసుగొచ్చింది. "ఇలాగ" అని తాను నిలబడింది. చీర కుచ్చిళ్ళ కింద పాదాలు కలిశాయి. "హాజర్!"

ఆ మాట హాలు దాటి బయట వసారాలోకి వెళ్ళింది. ఎదురు ఫ్లాట్ చైనా ముసలాయన తలుపు తీసి చూసి, ఏమీ కాలేదని తెలిసి మళ్ళీ వేసుకున్నాడు. గోపీకృష్ణ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నందిత కుషన్ పక్కన పెట్టేసింది.

"ఆంటీ, మీరే బాగా చెప్పారండి" అన్నాడు గోపీకృష్ణ నెమ్మదిగా.

"బాగా చెప్తే సరా?" అంది ప్రభావతి. ఆమె మొహం ఎర్రబడింది. "పోపు మాడుతోంది, చూసుకో."

ఆ వారమంతా ఆమెకు కాలు నిలవలేదు. ఆమె పని ఒక హోటల్లో, దుప్పట్లూ తువ్వాళ్ళూ ఇస్త్రీ అయి వచ్చే గదిలో. మడత అంచుకు అంచు కలవాలి, గీత బయటికి రావాలి. పాతికేళ్ళ అలవాటు, కళ్ళు మూసుకుని చేసే పని. అలాంటిది బుధవారం నాడు చేతి రుమాళ్ళన్నీ తిరగేసి మడిచి, సూపర్‌వైజరు వచ్చి "అక్కా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేదాకా గమనించలేదు. మళ్ళీ అన్నీ విప్పి మడిచింది. మడుస్తూ పెదవులు కదిలిస్తోందని పక్కనున్న మలయ్ పిల్ల నవ్వింది.

పెర్త్‌కు ఫోన్ చేసింది. జయరాజు అంతా విని, "ఎవరు పలికితే ఏటక్కా? పేరు నిలబడుతుంది కదా, అది చాలదా?" అన్నాడు. చాలు అనే అంది. ఫోన్ పెట్టేశాక కూడా చాలు, చాలు అని పైకే అనుకుంది. ప్రార్థనకు మోకరించి, "ప్రభువా, ఆదివారం నాడు ఆ అబ్బాయికి గొంతు సరిగా రానియ్యి" అని మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది. నిజంగా తనకు కావలసింది అది కాదు. అతని గొంతు పూడుకుపోవాలని తన కడుపులో ఎక్కడో ఉంది. తన జ్వరం తగ్గించిన మనిషి మీద నమ్మకంతో సరేనన్న పిల్లవాడికి చెడు కోరుకుంటున్నానా అని భయమేసి, ఆమేన్ అనకుండానే లేచిపోయింది.

శనివారం సాయంత్రం ప్రభావతి గోపీకృష్ణ తెల్లచొక్కాను ఇస్త్రీ చేస్తూ ఉండగా ఈశ్వరరావు వచ్చాడు, వెంట కూతురు లీలావతి. లీలావతి బళ్ళో సంగీతం టీచరు, పెళ్ళి చేసుకోలేదు, సహవాసంలో హార్మోనియం ఆమెదే. ఆయనకున్న సంతానం ఆమె ఒక్కతే.

"ఏదీ, మన కుర్రాణ్ణి చూద్దామని వచ్చాను" అన్నాడు ఈశ్వరరావు. గోపీకృష్ణను నిలబెట్టి, చుట్టూ ఒకసారి తిరిగి, బూటుతో అతని మడమను కాస్త జరిపి, పేరు పిలిచాడు. పిలుస్తూ మధ్యలో దగ్గాడు.

"హాజర్!" అన్నాడు గోపీకృష్ణ. వారం రోజుల్లో బాగానే పట్టుబడింది.

"శభాష్! ఆశీర్వాదం ఇంటికి మగదిక్కు దొరికింది" అని ఈశ్వరరావు అతని భుజం తట్టాడు.

ప్రభావతి ఇస్త్రీపెట్టె కాలరు మీద మరీ గట్టిగా నొక్కింది. భర్త పోయిన దగ్గర్నుంచీ ఈ ఇంటి ఖర్చు, కూతురి చదువు, కరెంటు, నీళ్ళు అన్నీ తన రెక్కల మీద నడిచాయి. అన్నేళ్ళూ ఈ ఇల్లు ఏ దిక్కున ఉందట?

"ఒక సంగతండి" అన్నాడు గోపీకృష్ణ మొహమాటంగా. "ఆయనెలా ఉండేవారండి? ఏమీ తెలీకుండా పలుకుతుంటే అబద్ధం ఆడుతున్నట్టుంటోందండి."

"అవన్నీ నీకెందుకు బాబూ, గొంతు చాలు" అన్నాడు ఈశ్వరరావు.

గోపీకృష్ణ మాత్రం ప్రభావతి వైపే చూస్తున్నాడు. ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "పొట్టిగా ఉండేవోరు. బొబ్బిలి దగ్గర పల్లె. మునగాకు కూరంటే ఇష్టం" అని చెప్పింది. ఇంకొకటి ఉంది. నాన్న డ్యూటీ దిగి ఇంటికొస్తే గుమ్మంలోనే నిలబడి పిల్లల్ని వరసగా పేరు పెట్టి పిలిచేవాడు. అందరికన్నా పెద్దది కాబట్టి మొదట ప్రభావతిని. హాజర్ అంటే గానీ బూట్లు విప్పేవాడు కాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, కానీ చెప్పలేదు. అదికూడా ఇచ్చేస్తే ఇంక తన దగ్గర ఏమీ మిగలదనిపించింది.

టీ కలపడానికి వంటింట్లోకి వెళ్తే లీలావతి వెనకాలే వచ్చి కప్పులు తీసింది.

"నాన్న దగ్గు చూశావా అక్కా? డాక్టరు గట్టిగా మాట్లాడొద్దన్నారు. వింటారా?" అంది. కప్పుల్లో పంచదార వేస్తూ, బయట వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా, "ఆయన తర్వాత మా తాత పేరు కూడా అంతే" అంది.

ప్రభావతి తలెత్తి చూసింది. లీలావతి అప్పటికే ట్రే ఎత్తుకుని బయటికి నడిచింది.

ఆదివారం పొద్దున వాన పడి వెలిసింది. క్రాంజీ గుట్టమీద గడ్డి తడిగా ఉంది. తెల్లటి సమాధి రాళ్ళ వరసలకు ఎదురుగా, చెట్టు నీడన, సహవాసం మగవాళ్ళు ముందు వరసలో, ఆడవాళ్ళు వెనక వరసలో నిలబడ్డారు. ఆడవాళ్ళ వెనక మడతబల్ల, దాని మీద టీ డ్రమ్ము, ఇడ్లీ డబ్బాలు. పాస్టర్ గారి ప్రార్థన అయింది. వెనక వరస చివర్నుంచి లీలావతి చిన్న హార్మోనియం మీద శ్రుతి ఇస్తే అందరూ కీర్తన పాడారు. ప్రభావతికి పాట నోట్లోంచి వస్తోంది గానీ చూపంతా గోపీకృష్ణ వీపు మీదే ఉంది. తాను చేసిన ఇస్త్రీ గీత భుజం మీంచి చేతిదాకా నిటారుగా ఉంది.

ఈశ్వరరావు ముందుకొచ్చి టోపీ సర్దుకున్నాడు. చిన్న హోదా నుంచి మొదలుపెట్టి పెద్ద హోదాకు వెళ్ళడం ఆనవాయితీ. ముందు సాపర్ల పేర్లు. ఒక్కొక్కరూ పలికి అడుగు ముందుకు వేస్తున్నారు. పలికిన ప్రతివాడికీ ఆయన "ఠీక్" అంటున్నాడు.

"లాన్స్ నాయక్ గోసల ఆశీర్వాదం!"

"హాజర్!"

తప్పు పట్టడానికి ఏమీ లేదు. మడమలు, గెడ్డం, గొంతు, అన్నీ ఆమె నేర్పినట్టే వచ్చాయి. గోపీకృష్ణ అడుగు వెయ్యడానికి కాలెత్తాడు.

"లేడు" అంది ప్రభావతి.

ముందు వరస మొత్తం వెనక్కి తిరిగింది. తానే అందని ఆమెకు కూడా ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. అన్నాక మరి ఆగలేదు. "మా నాన్న రాలేదు బాబాయ్. ఆ పలికిన బాబు మంచోడు, ఆడి తప్పేటీ లేదు. నేనే నేర్పాను. కానీ ఆడు మా నాన్నకేటీ కాడు."

గోపీకృష్ణ ఎత్తిన కాలు మెల్లగా వెనక్కి పెట్టి, తలదించుకున్నాడు. అతని మొహంలో అవమానం కంటే తేలికపడ్డట్టే ఎక్కువగా కనిపించింది. పాస్టర్ గారు పుస్తకం మూశారు, మళ్ళీ తెరిచారు. పక్కనున్నావిడ ప్రభావతి కొంగు పట్టి లాగింది.

ఈశ్వరరావు మొహం గట్టిపడింది. పిలుపు మధ్యలో మాట్లాడటం ఆయన పద్ధతి కాదు. పలికింది చెల్లకపోతే మళ్ళీ పిలవాలి, అంతే.

"లాన్స్ నాయక్ గోసల ఆశీర్వాదం!"

ఎవరూ పలకలేదు. ప్రభావతి పలికినా లెక్కలోకి రాదు. లెక్కకు రాని మాట పలికి, అందరిముందూ కాదనిపించుకునే ధైర్యం ఆమెకు లేకపోయింది. కింద రోడ్డు మీద లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది. ఈశ్వరరావు తర్వాతి పేరుకు వెళ్ళిపోయాడు.

అప్పుడు ఆమెకు భయం పట్టుకుంది. అయ్యో, ఏం చేశాను? అంత కష్టపడి నిలబెట్టిన పేరును నా చేత్తో నేనే తుడిచేశానా? ఆ కుర్రాడు పలికి ఊరుకుంటే ఏం పోయేది? జయరాజు ఏమంటాడు? నాయక్‌ల పేర్లు అవుతున్నాయి. హాజర్. ఠీక్. హాజర్. ఠీక్. ఒక్కొక్క పేరూ అయిపోతుంటే ఆమె కాలివేళ్ళు చెప్పుల్లో ముడుచుకుపోతున్నాయి. వచ్చే ఏడాది తను కూడా రత్తమ్మ పక్కన కూర్చుని కూరలు తరగాలేమో. ఏడుపొస్తోంది, దానికన్నా ఎక్కువ కోపం వస్తోంది. ఎవరిమీదో తేల్చుకోలేకపోతోంది.

అందరికన్నా చివర వచ్చేది ఈశ్వరరావు తండ్రి పేరు. పిలిచేదీ ఆయనే, పలికేదీ ఆయనే. ఒకే ఊపిరిలో రెండూ అయిపోతాయి. పిల్లలు దానికి కిసుక్కున నవ్వుకోవడం కూడా ఏటా ఉన్నదే.

"హవల్దార్ బోర నూకరాజు!"

పిల్లలు నవ్వడానికి సిద్ధపడ్డారు. జవాబు రాలేదు.

దగ్గు అడ్డుపడిందనుకున్నారు అందరూ. ఆయన దగ్గలేదు. తడిగడ్డి వైపు చూస్తూ నిలబడ్డాడు. జేబురుమాలు తీశాడు. ఒక్క వేలు తుడుచుకుని మళ్ళీ జేబులో పెట్టేశాడు. తర్వాత మగవాళ్ళ వరస చివరి దాకా నడిచి, దాన్ని దాటి, వెనక వరసకు ఎదురుగా నిలబడ్డాడు. అన్నేళ్ళలో ఆయన ఆ వరసకు ఎదురుగా నిలబడటం అదే మొదలు.

"హవల్దార్ బోర నూకరాజు!"

లీలావతి తండ్రి మొహం చూసింది. ఆమె చెయ్యి హార్మోనియం తిత్తి మీద ఉండిపోయింది. లోపలున్న గాలి సన్నగా బయటికి పోయింది.

"హాజర్" అంది. పాట ఎత్తుకున్నప్పటి గొంతు, చివర్న చీరిపోయింది.

"ఠీక్" అన్నాడు ఈశ్వరరావు. మిగతా అందరికీ అన్నట్టే అన్నాడు. అనేసి కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. మూడో పిలుపు మిగిలిన పేరు ఆ ఏడాది ఒక్కటే.

"లాన్స్ నాయక్ గోసల ఆశీర్వాదం!"

ఈసారి దగ్గు నిజంగానే వచ్చి చివరి అక్షరాలను మింగేసింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దగ్గు వల్ల వచ్చినవా కాదా అని ప్రభావతి ఆలోచించలేదు. పక్కావిడ చేతిలోంచి కొంగు విడిపించుకుంది. చెప్పుల్లో పాదాలు దగ్గరికి జరిపింది.

"హాజర్."

అనుకున్నంత గట్టిగా రాలేదు. ఇంట్లో ఆ సాయంత్రం వచ్చినంత కూడా రాలేదు. మామూలుగా, ఇంట్లో ఎవరో పిలిస్తే పలికినట్టు వచ్చింది. నోట్లోంచి వచ్చేసిన తర్వాత ఆమెకు సంతోషం కలగలేదు. ఇంతేనా అనిపించింది. ఇంత చిన్న మాట కోసమా ఇన్నేళ్ళు తమ్ముడి వెనక నిలబడి టీలు పోసింది? ఇంత చిన్న మాట కోసమా పరాయి పిల్లవాడి కాలరు మాడేలా ఇస్త్రీ చేసింది? కోపంతో కళ్ళు నిండాయి.

"ఠీక్" అన్నాడు ఈశ్వరరావు. ఆమె కదలకపోవడం చూసి, "ఒక అడుగు ముందుకెయ్యాలమ్మా" అన్నాడు.

ముందు మగవాళ్ళ వరస ఉంది. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మొదట గోపీకృష్ణ పక్కకు జరిగాడు, అతన్ని చూసి అవతలివాడు జరిగాడు. ప్రభావతి కళ్ళు తుడుచుకోకుండానే ఆ సందులోంచి ముందుకు నడిచింది. ఒక్క అడుగు చాలు. ఆమె ఆగకుండా రాళ్ళ దాకా వెళ్ళిపోయింది.